ఫైబర్‌లో ఫెమ్టోసెకన్లు: పీహెచ్‌డీ నుంచి ప్రొఫెసర్ దాకా నా అనుభవం

నేను ఒక కేంద్ర విద్యాసంస్థలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్‌ని. నా పరిశోధన అల్ట్రాఫాస్ట్ ఫైబర్ లేజర్ల మీద. సన్నని గాజు పోగులోనే లేజర్‌ను తయారుచేసి, అందులోంచి వంద, రెండు వందల ఫెమ్టోసెకన్లు మాత్రమే వెలిగి ఆరిపోయే కాంతి పల్సులు రప్పించడం మా పని. సెకనును లక్ష కోట్ల ముక్కలు చేస్తే ఒక్కో ముక్క పికోసెకను. దాన్ని మళ్లీ వెయ్యి ముక్కలు చేస్తే ఫెమ్టోసెకను. సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోయే వెలుగు వంద ఫెమ్టోసెకన్లలో 30 మైక్రాన్లే పోగలదు. తల వెంట్రుక మందం కూడా దాటదు.

ఈ రంగంలో పీహెచ్‌డీ చేద్దామనుకునే పిల్లలు తరచూ నాకు రాస్తుంటారు. తెలుగువాళ్లయితే ఫోన్ కూడా చేస్తారు. "మేడమ్, ఫ్యాకల్టీ ఉద్యోగం రావాలంటే ఎన్ని పేపర్లు ఉండాలి?" అన్నదే ఎక్కువ మంది అడిగేది. దానికి జవాబు ఎవరైనా చెబుతారు. ల్యాబ్‌లో రోజూ ఏం చేస్తాం, దేనికి ఏళ్లు పడుతుంది, ఏ విషయంలో తొందరపడకూడదు అన్నది మాత్రం ఎవరూ వివరంగా చెప్పరు. నాకు తెలిసినంతలో అది ఇక్కడ రాస్తున్నాను.

మాది విజయనగరం. 1998లో కాకినాడ జేఎన్‌టీయూ కాలేజీలో ఈసీఈలో చేరాను. చివరి ఏడాదికి ముందు సెలవుల్లో బీఎస్‌ఎన్‌ఎల్‌లో ట్రైనింగ్‌కి పంపారు. ఒకరోజు రోడ్డు పక్కన గొయ్యి తవ్వి తెగిన కేబుల్‌ని అతుకుతున్న చోటికి తీసుకెళ్లారు. యాభై దాటిన జాయింటర్ ఒకాయన ఫైబర్ మీది పూత ఒలిచి, స్పిరిట్‌తో తుడిచి, క్లీవర్‌తో కొనలు నున్నగా కోసి, రెండింటినీ స్ప్లైసింగ్ మిషన్‌లో పెట్టారు. చిన్న మెరుపు మెరిసింది. తెరమీద చూస్తుండగానే రెండు పోగులూ ఒకటైపోయాయి. బాగా అతుక్కుందండీ అన్నాను. "తెరమీద అన్నీ బానే ఉంటాయమ్మా. ఓటీడీఆర్ పెట్టి చూస్తేగానీ మనం నమ్మకూడదు" అన్నారాయన. ఓటీడీఆర్ అంటే ఫైబర్‌లోకి పల్సు పంపి, వెనక్కి చెదిరి వచ్చే వెలుగును బట్టి ఎంత దూరంలో ఎంత నష్టం ఉందో చెప్పే పరికరం. ఆయన దాన్ని తగిలించి, గీత చూసి, ఆ అతుకును తెంపేసి మళ్లీ వేశారు.

ఆ గాజు పోగు మీద ఇష్టం నాకు అక్కడే మొదలైంది. పూత తీసేస్తే 125 మైక్రాన్ల మందం. అందులో వెలుగు నడిచే నడిమి భాగం తొమ్మిది మైక్రాన్లకు మించదు. 1966లో చార్లెస్ కావ్ గాజులోని మలినాలు తీసేస్తే ఫైబర్‌లో నష్టాన్ని కిలోమీటరుకు 20 డెసిబెల్స్‌కు దించవచ్చని రాశాడు. అంటే కిలోమీటరు తర్వాత నూటికి ఒక పాలు వెలుగు మిగిలితే చాలన్న మాట. అప్పట్లో అదే పెద్ద ఆశ. 1970లో కార్నింగ్ సంస్థ ఆ గీత దాటింది. ఇప్పుడు రోడ్ల కింద ఉన్న మామూలు ఫైబర్‌లో 1550 నానోమీటర్ల దగ్గర కిలోమీటరు పోయాక కూడా 95 పాళ్లు మిగులుతుంది. కావ్‌కి 2009లో నోబెల్ ఇచ్చారు. అప్పటికి నేను పీహెచ్‌డీ చివర్లో ఉన్నాను. ఆ రోజు మా ల్యాబ్‌లో జరిగిన సందడి ఇప్పటికీ గుర్తే.

ఎంటెక్‌కి మద్రాస్ ఐఐటీలో చేరాక సాలిటాన్ల గురించి, అంటే ఆకారం చెడకుండా ప్రయాణించే పల్సుల గురించి, విన్నాను. ఫైబర్‌లో పల్సుకు మామూలుగా రెండు బాధలు. ఒకటి డిస్పర్షన్. పల్సులోని ఒక్కో రంగు ఒక్కో వేగంతో పోవడం వల్ల పల్సు సాగిపోతుంది. రెండోది కెర్ ఎఫెక్ట్. వెలుగు తీవ్రత పెరిగినచోట గాజు వక్రీభవన గుణకమే మారి, పల్సు తన ఫేజును (తరంగం ఎగుడుదిగుళ్ల స్థానాన్ని) తానే మార్చుకుంటుంది. ఈ రెండూ సరిగ్గా ఎదురెదురుగా పనిచేసేలా చూస్తే పల్సు సాగకుండా అలాగే ప్రయాణిస్తుందని 1973లో బెల్ ల్యాబ్స్‌లో హసెగావా, టాపర్ట్ లెక్కగట్టారు. 1980లో మాలెనార్, స్టోలెన్, గోర్డన్ ప్రయోగంలో చూపించారు. పాడుచేసే రెండింటిని ఒకదానికొకటి ఆసరాగా నిలబెట్టవచ్చన్న ఆ ఒక్క విషయం నన్ను కట్టిపడేసింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేతిలో ఉన్నా 2004లో పీహెచ్‌డీకి అమెరికా వెళ్లాను.

మొదటి ఏడాది నేను చేసిందల్లా ఫైబర్ కోయడం, అతకడం. చాలామంది దీన్ని చిన్న పని అనుకుంటారు. రింగు లేజర్‌లో పది చోట్ల అతుకులు ఉంటాయి. ఒక్కోదాంట్లో కాస్త పోయినా మొత్తం మీద లేజర్ వెలగదు, వెలిగినా పల్సు ఇవ్వదు. గాజు ముక్క వేలిలో విరిగితే కంటికి కనబడదు, తీయడం నరకం. అందుకే టేబుల్ మీద నల్ల కాగితం పరచుకుని, తుంపులన్నీ మూత ఉన్న సీసాలో వేయాలి. ఇప్పుడు నా ల్యాబ్‌లోనూ ఆ సీసా లేకుండా ఎవరూ పని మొదలుపెట్టకూడదు.

మేము కట్టే లేజర్ ఇలా ఉంటుంది. కొన్ని మీటర్ల ఫైబర్‌ను వలయంగా కలుపుతాం. అందులో ఒక ముక్క ఎర్బియం అనే మూలకం కలిపిన ఫైబర్. 980 నానోమీటర్ల పంప్ డయోడ్‌తో దానికి శక్తి ఇస్తే 1550 ప్రాంతంలో వెలుగు పుడుతుంది. ఎర్బియం ఫైబర్ యాంప్లిఫయర్ 1987లో సౌతాంప్టన్‌లోనూ, బెల్ ల్యాబ్స్‌లోనూ వచ్చింది. సముద్రాల కింద కేబుళ్లు ఇంత దూరం పోతున్నాయంటే దాని చలవే. వెలుగు ఒకే దిక్కున తిరగడానికి ఐసోలేటర్, బయటికి కొంత తీయడానికి కప్లర్, పోలరైజేషన్ (వెలుగు తరంగం ఊగే దిశ) తిప్పడానికి ప్యాడిల్స్ పెడతాం. తీవ్రత ఎక్కువైన వెలుగు పోలరైజేషన్ ఎక్కువ తిరుగుతుంది. దారిలో పోలరైజర్ పెడితే పల్సు నడిమి భాగం దాటిపోతుంది, బలహీనమైన అంచులు ఆగిపోతాయి. తిరిగిన ప్రతిసారీ పల్సు ఇంకాస్త సన్నబడుతుంది. దీన్నే మోడ్ లాకింగ్ అంటాం.

మా విభాగంలో చాలామందికి ఇదంతా ఫిజిక్స్‌లా కనిపిస్తుంది. ఉద్యోగం ఇంటర్వ్యూలో బోర్డు సభ్యులు ఒకరు నేరుగా అడిగారు కూడా, మీరు ఎలక్ట్రికల్‌లో ఎందుకు ఉండాలని. నా జవాబు ఇప్పటికీ అదే. సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ పేపర్‌లో పిల్లలకు ఫూరియే సిరీస్, అంటే మళ్లీ మళ్లీ వచ్చే అలను విడివిడి ఫ్రీక్వెన్సీల మొత్తంగా చూడటం, చెబుతాం కదా, మోడ్ లాకింగ్ అంటే అదే. పది మీటర్ల వలయంలో 20 మెగాహెర్ట్జ్‌కు ఒకటి చొప్పున మోడ్‌లు, అంటే ఆ వలయంలో నిలవగల ఫ్రీక్వెన్సీలు, ఉంటాయి. వంద ఫెమ్టోసెకన్ల పల్సుకు దాదాపు 25 నానోమీటర్ల బ్యాండ్‌విడ్త్ కావాలి. లెక్కేస్తే లక్షన్నర మోడ్‌లు. కోలాటంలో ఎవరి కర్ర వాళ్లు ఇష్టమొచ్చినట్టు కొడితే ఎడతెగని రొద. అందరూ ఒకే తాళానికి కొడితే ఒక్క దెబ్బ వినిపించి, మళ్లీ తాళం తిరిగి వచ్చేదాకా నిశ్శబ్దం. ఆ లక్షన్నర మోడ్‌ల ఫేజులు కలిసినప్పుడు పుట్టే ఒక్క దెబ్బే మా పల్సు. ఇక డిస్పర్షన్ అంటే ఫేజు మాత్రం మార్చే ఫిల్టర్. ఎలక్ట్రికల్ ఇంజనీర్‌కి ఇంతకంటే సొంత విషయం ఏముంటుంది?

పీహెచ్‌డీలో నేను నేర్చుకున్న అసలు విద్య మాత్రం కొలవడం. ఎంత వేగవంతమైన ఫోటోడిటెక్టర్ అయినా పికోసెకన్ల దగ్గరే ఆగిపోతుంది. ఆసిలోస్కోప్ తెరమీద కనిపించేది మన పల్సు కాదు, డిటెక్టర్ స్పందన. ఫెమ్టోసెకను పల్సును కొలవడానికి అంతకన్నా చిన్నదేదీ మన దగ్గర లేదు కాబట్టి పల్సును పల్సుతోనే కొలవాలి. రెండు నకళ్లుగా విడగొట్టి, ఒకదాన్ని అద్దంతో కొద్దికొద్దిగా ఆలస్యం చేస్తూ, రెండింటినీ ఒక క్రిస్టల్ మీద కలుపుతాం. రెండూ ఒకే క్షణంలో పడినప్పుడే సగం తరంగదైర్ఘ్యం ఉన్న కొత్త వెలుగు బాగా పుడుతుంది. ఇది ఆటోకోరిలేషన్. అయితే ఇది పల్సు ఆకారాన్ని పూర్తిగా చెప్పదు. ఆకారం మనం ఊహించుకుని, దానికి తగ్గ సంఖ్యతో భాగించాలి. ఫేజుతో సహా పూర్తి వివరం కావాలంటే ట్రెబినో, కేన్ 1990ల మొదట్లో తెచ్చిన ఫ్రాగ్ లాంటి పద్ధతి వాడాలి. అంటే ప్రతి పద్ధతీ కొంత చెబుతుంది, కొంత దాస్తుంది.

మరో సంగతి. వంద ఫెమ్టోసెకన్ల పల్సును, తీవ్రత తక్కువగా ఉన్నప్పుడు, మామూలు ఫైబర్‌లో ఒక్క మీటరు పంపితే అది ఆరు రెట్లు సాగిపోతుంది. లేజర్ నుంచి కొలిచే పరికరం దాకా వేసిన ప్యాచ్ కార్డ్ (కలిపే ఫైబర్) పొడవు ఎంతో రాసుకోకపోతే ఆ కొలతకు అర్థమే లేదు. మా గైడ్ నోట్‌బుక్ తెరవగానే ముందు చూసేది ఫైబర్ పొడవులే. సెంటీమీటర్లలో లేకపోతే ఆ పేజీ చదివేవారు కాదు.

2012లో తిరిగి వచ్చి ఉద్యోగంలో చేరాను. ల్యాబ్ కోసం ఇచ్చిన గదిలో అంతకుముందు పాత మోటార్లు ఉండేవి. నేల సరిచేయించడం, టేబుల్ తెప్పించడం, యూపీఎస్ లైను లాగించడం, ఏసీ పెట్టించడం, ఇందులోనే మొదటి ఏడాదంతా పోయింది. పెద్ద చదువు చదివి వచ్చినవాళ్లు ఈ పని మనది కాదనుకుంటారు. ల్యాబ్ కట్టడం కూడా పరిశోధనలో భాగమే. ఏ ప్లగ్గుకు ఎర్త్ సరిగా లేదో తెలిసినవాళ్లకే ఆసిలోస్కోప్‌లో కనిపించే 50 హెర్ట్జ్ అల ఎక్కడిదో తెలుస్తుంది. స్పెక్ట్రమ్ ఎనలైజర్, స్ప్లైసర్, పంప్ డయోడ్లు, ఇవన్నీ బయటి దేశాల నుంచి రావాలి. మూడు కొటేషన్లు, పర్చేజ్ కమిటీ, ఒకే కంపెనీ చేసే వస్తువైతే దానికి ధ్రువపత్రం, కస్టమ్స్ కాగితాలు. ఒక పంప్ డయోడ్ కాలిపోతే కొత్తది వచ్చేసరికి సెమిస్టర్ గడిచిపోయేది. అందుకని ఏ భాగం కొన్నా వీలైతే రెండు కొనాలని నియమం పెట్టుకున్నాను.

నిధుల కోసం రాసిన మొదటి ప్రతిపాదన తిరిగి వచ్చింది. ఇలాంటి లేజర్లు విదేశాల్లో అమ్ముతున్నారు, మళ్లీ ఇక్కడ కట్టడం ఎందుకు అన్నది సమీక్షకుల ప్రశ్న. చాలా బాధేసింది. కానీ ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. రెండోసారి రాసినప్పుడు లేజర్ కడతాను అని రాయలేదు. వేడి, తేమ మారుతూ ఉండే మన గదుల్లో ఆగకుండా పనిచేసే లేజర్‌కు ఏ నిర్మాణం పనికొస్తుంది, ఎందుకు పనికొస్తుంది అన్నది ప్రశ్నగా పెట్టాను. దానికి డబ్బు వచ్చింది. యువ అధ్యాపకులకు నేను చెప్పేది ఇదే. మీ ప్రతిపాదనలోంచి పరికరాల జాబితా తీసేస్తే ఇంకా ఒక ప్రశ్న మిగలాలి.

2014లో నా మొదటి పీహెచ్‌డీ విద్యార్థితో కట్టిన ఎర్బియం లేజర్ మోడ్ లాక్ అయింది. అతనిది ఖమ్మం దగ్గర ఊరు. ఆసిలోస్కోప్‌లో పల్సులు వరుసగా నిలబడ్డాయి. స్పెక్ట్రమ్ 50 నానోమీటర్లు దాటి నున్నగా పరుచుకుంది. ఆటోకోరిలేటర్‌లో పెట్టగానే చాలా సన్నని శిఖరం వచ్చింది. వంద ఫెమ్టోసెకన్ల కన్నా తక్కువ. అతను ఆనందంతో ఇంటికి ఫోన్ చేశాడు. ఆ సంఖ్యతో వెంటనే పేపర్ రాసేయొచ్చు.

కానీ ఆ శిఖరం కింద ఉన్న సమతలం నాకు నచ్చలేదు. శిఖరంలో సరిగ్గా సగం ఎత్తులో చదునుగా ఉంది. దాన్ని బ్యాక్‌గ్రౌండ్ అనుకుని తీసివేయడం తేలిక. స్కాన్ పరిధి పెంచి చూద్దాం అన్నాను. ఐదు పికోసెకన్ల కిటికీలో చదునుగా కనిపించింది, యాభై పికోసెకన్ల కిటికీలో మెల్లగా వాలిపోతూ ఒక పెద్ద దిబ్బలా తేలింది. అంటే మా దగ్గర ఉన్నది ఒక్క చిన్న పల్సు కాదు. పదుల పికోసెకన్ల పొడవున్న గుంపులో క్రమం లేకుండా వెలిగే చిన్నచిన్న మెరుపుల కలయిక. ఆ మెరుపులు ప్రతి చుట్టుకూ మారిపోతుంటాయి. మధ్యలోని సన్నని శిఖరం ఆ గందరగోళం తన నకలుతో తాను కలిసే క్షణం మాత్రమే. 1997లో హొరోవిట్జ్, సిల్బర్‌బెర్గ్ బృందం వివరించిన నాయిస్‌లైక్ పల్సులు ఇవే. ఆర్‌ఎఫ్ స్పెక్ట్రమ్, అంటే డిటెక్టర్ ఇచ్చే విద్యుత్ సిగ్నల్‌లోని ఫ్రీక్వెన్సీలు, కూడా చూశాం. 20 మెగాహెర్ట్జ్ గీత అడుగు నుంచి శుభ్రంగా లేవలేదు, చుట్టూ నాయిస్ ఉబ్బి ఉంది.

అతని ముఖం వాడిపోయింది. నేను కూడా ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు. ప్రాజెక్టు నివేదిక దగ్గర పడింది, పేపర్ కావాలి, టెన్షన్ మామూలుగా లేదు. అయినా ఆ సంఖ్యను పల్సు వెడల్పుగా రాయడం కుదరదు. మర్నాటి నుంచి పంప్ శక్తి తగ్గిస్తూ, ప్యాడిల్స్ ఒక్కో డిగ్రీ తిప్పుతూ, వలయంలో ఫైబర్ పొడవు మారుస్తూ వెతికాం. చివరికి స్పెక్ట్రమ్‌లో రెండు వైపులా సమదూరంలో సన్నని శిఖరాలు లేచిన స్థితి దొరికింది. వీటిని కెల్లీ సైడ్‌బ్యాండ్స్ అంటారు. సాలిటాన్ ప్రతి చుట్టులోనూ చెదిరి వదిలే వెలుగు కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర కూడుకుని వచ్చే గుర్తులు. ఈసారి స్పెక్ట్రమ్ వెడల్పు ఎనిమిది నానోమీటర్లే. ఆ వెడల్పుకు సిద్ధాంతం ప్రకారం 315 ఫెమ్టోసెకన్ల కన్నా చిన్న సాలిటాన్ రాదు. మా కొలత దానికి కొంచెం పైన వచ్చింది. దిబ్బ లేదు, ఆర్‌ఎఫ్ గీత శుభ్రంగా ఉంది. మూడు కొలతలూ ఒకే మాట చెప్పాయి. సంఖ్య చూస్తే ముందుదానికి మూడు నాలుగు రెట్లు ఎక్కువ. కానీ ఇది నిజమైన పల్సు. సగటు శక్తి ఒక్క మిల్లీవాట్ అయినా శిఖరం దగ్గర వంద వాట్లు దాటుతోంది.

ఆ పేపర్ వచ్చేసరికి అనుకున్నదానికంటే చాలా ఆలస్యమైంది. వార్షిక సమీక్షలో పేపర్ల సంఖ్య తక్కువని ఎత్తి చూపారు. దాని గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఏడాదికి ఇన్ని అని లెక్కపెట్టే పద్ధతి మా రంగానికి మేలు చేయదు. స్కాన్ పరిధి పెంచకుండా ఆపేసిన వాళ్లకు రెండు పేపర్లు వస్తాయి, పెంచి చూసినవాళ్లకు ఒకటి వస్తుంది. ఇప్పుడు నేను కమిటీల్లో కూర్చుంటున్నాను కాబట్టి అక్కడ కూడా ఇదే మాట చెబుతున్నాను. అభ్యర్థి పేపర్లలో ఒకటి తీసి, ఈ కొలతను ఇంకెన్ని రకాలుగా సరిచూశారు అని అడుగుతాను. అరగంటలో మనిషి పని తెలిసిపోతుంది.

అదే రోజుల్లో మా పాప పుట్టింది. అమ్మ విజయనగరం నుంచి వచ్చి మా దగ్గరే ఉండిపోయింది. సాయంత్రం లేజర్ లాక్ అయి ఉంటే వదిలి రావాలనిపించదు. "ఏటమ్మా, ఇంకా అవ్వనేదా?" అని అమ్మ ఫోన్‌లో అడిగేదే తప్ప ఒక్కనాడూ విసుక్కోలేదు. మా ఆయన, అమ్మ లేకపోతే ఆ రెండు మూడేళ్లు ల్యాబ్ నడిచేది కాదు. ఈ ఉద్యోగంలోకి వచ్చే ఆడపిల్లలకు ఇంట్లో ఆసరా గురించి ముందే మాట్లాడుకోమని చెబుతాను. క్యాంపస్‌లో పిల్లల సంరక్షణ కేంద్రం ఉందో లేదో ఇంటర్వ్యూ నాడే అడగడంలో తప్పులేదు.

2018లో డోనా స్ట్రిక్‌ల్యాండ్‌కి నోబెల్ వచ్చిన వార్త విన్నప్పుడు నేను అసోసియేట్ ప్రొఫెసర్ దరఖాస్తు నింపుతున్నాను. భౌతికశాస్త్రంలో నోబెల్ పొందిన మూడో మహిళ ఆమె. అప్పటికి వాటర్లూ విశ్వవిద్యాలయంలో అసోసియేట్ ప్రొఫెసర్. పూర్తి ప్రొఫెసర్ పదవికి తాను దరఖాస్తే చేయలేదని చెప్పారు. ఆమె పీహెచ్‌డీ పని మా రంగానికి పునాది. 1985లో రోచెస్టర్‌లో తన గైడ్ మూరూతో కలిసి, పల్సును 1.4 కిలోమీటర్ల ఫైబర్‌లో సాగదీసి, అలా పలచబడ్డాక యాంప్లిఫై చేసి, తర్వాత గ్రేటింగ్‌లతో మళ్లీ కుదించారు. సాగదీయకుండా నేరుగా పెంచితే ఆ తీవ్రతకు యాంప్లిఫయరే పాడవుతుంది. డిస్పర్షన్‌ను తగ్గించుకోవాల్సిన తలనొప్పిగా చాలామంది చూస్తున్న కాలంలో దాన్ని పనిముట్టుగా వాడుకున్నారు. ఆ ఆలోచనకు నేను ఎప్పటికీ దండం పెడతాను. మా తర్వాతి యాంప్లిఫయర్లన్నీ ఆ దారిలో కట్టినవే.

ప్యాడిల్స్ తిప్పి లాక్ చేసే లేజర్లను మెల్లగా వదిలేశాం. ఏసీ ఆగితే పోలరైజేషన్ మారిపోయి లాక్ ఊడిపోయేది. వర్షాకాలం మరీ కష్టం. పోలరైజేషన్‌ను పట్టి ఉంచే ఫైబర్‌తోనే మొత్తం లేజర్ కట్టి, ఫైబర్ లూప్ అద్దంతో లాక్ చేసే నిర్మాణానికి మారాం. దాన్ని తాకినా, కాస్త కదిపినా పల్సు పోదు. ప్రతిపాదనలో అడిగిన ప్రశ్నకు ఇదే మా జవాబు. తర్వాత ఇటర్బియం ఫైబర్‌తో 1030 నానోమీటర్ల వైపు వెళ్లాం. అక్కడ గాజు డిస్పర్షన్ గుర్తు మారిపోతుంది, సాలిటాన్ నియమం పనిచేయదు. 2006లో కార్నెల్‌లో వైజ్ బృందం వలయంలో ఒక స్పెక్ట్రల్ ఫిల్టర్ పెడితే ఆ పరిస్థితిలోనూ స్థిరమైన పల్సులు వస్తాయని చూపించింది. అవి చిర్ప్‌తో, అంటే రంగులు ముందువెనకలుగా సాగి, పొడవుగా వస్తాయి, బయట కుదించుకోవాలి. జీవకణాల్లో లోపలి పొరలు చూసే టూ ఫోటాన్ మైక్రోస్కోప్‌కు ఇలాంటి లేజర్ సరిపోతుంది.

భద్రత గురించి ఒక మాట. మా తరంగదైర్ఘ్యాలేవీ కంటికి కనబడవు. 1990ల మొదట్లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థి కంట్లో పొరపాటున ఫెమ్టోసెకను లేజర్ పడింది. చూసిన కంటి డాక్టర్ ఆ గాయం అంచులు అంత శుభ్రంగా ఉండటం గమనించాడు. చుట్టుపక్కల కాలని ఆ కోతే తర్వాత ఫెమ్టో లాసిక్‌కి దారి తీసింది. కథ బాగుంటుంది. కానీ నేను దీన్ని కొత్త విద్యార్థులకు చెప్పేది లేజర్ నుంచి కాపాడే కళ్లద్దాలు పెట్టుకోమనడానికే. 980 పంప్ వెలుగు కనబడదు కాబట్టి దాని ముందు ఎవరికీ భయం ఉండదు. నా ల్యాబ్‌లో ఎవరు ఎంత పెద్దవాళ్లయినా ఆ అద్దాలు లేకుండా లోపలికి రానివ్వను.

2024లో ప్రొఫెసర్ అయ్యాను. బయటి నిపుణుల ఉత్తరాలు, సెమినార్, బోర్డు, అన్నీ నియమం ప్రకారం జరిగాయి. దాని గురించి పెద్దగా రాయడానికేం లేదు. పని మాత్రం మారింది. ఇప్పుడు నేను స్ప్లైస్ చేసేది తక్కువ. పాఠాలు, ప్రతిపాదనలు, థీసిస్ దిద్దడం ఎక్కువ. పాఠం తప్పించుకునే ప్రొఫెసర్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. 2023లో భౌతికశాస్త్రవేత్త ఆన్ లూలియేకి నోబెల్ ఫోన్ వచ్చింది ఆమె పాఠం చెబుతున్న రోజునే. విరామంలో మాట్లాడి, తిరిగి వెళ్లి పాఠం పూర్తి చేశారు. రెండో ఏడాది పిల్లలకు ఫూరియే చెప్పే కోర్సును నేను ఎవరికీ ఇవ్వలేదు. నా పీహెచ్‌డీ విద్యార్థుల్లో కొందరు ఆ క్లాసులోనే పరిచయమయ్యారు.

ఇక రావాలనుకునేవాళ్లకు. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) 2023 జనవరి నుంచి నెలకు 37,000. ఐటీ జీతంతో పోల్చుకుంటే తక్కువే, ఇంట్లో ముందే చెప్పి రండి. నిధుల విషయంలో పరిశోధనలకు డబ్బిచ్చే కేంద్ర సంస్థ సెర్బ్ ఇప్పుడు ఏఎన్‌ఆర్‌ఎఫ్ అనే కొత్త సంస్థలో కలిసింది, పథకాల పేర్లు మారాయి, తాజా నోటిఫికేషన్ చూసుకోండి. లెక్కల్లో, ఫైబర్‌లో పల్సు ప్రయాణాన్ని చెప్పే నాన్‌లీనియర్ ష్రోడింగర్ సమీకరణాన్ని, డిస్పర్షన్‌నూ కెర్‌నూ చిన్న అడుగుల్లో విడివిడిగా లెక్కించే స్ప్లిట్ స్టెప్ పద్ధతిలో కంప్యూటర్ మీద స్వయంగా రాసి చూడండి. రెడీమేడ్ ప్రోగ్రామ్ వద్దు. డిస్పర్షన్ ఒక్కటే పెట్టి పల్సు సాగడం, కెర్ ఒక్కటే పెట్టి స్పెక్ట్రమ్ విచ్చుకోవడం, రెండూ పెట్టి సాలిటాన్ నిలవడం మీ కంటితో చూశాక ఈ రంగం మీకు సరిపడుతుందో లేదో మీకే తెలుస్తుంది. దరఖాస్తు పెట్టే ముందు ఏ ల్యాబ్ అయినా సరే ఒక పూట వెళ్లి కూర్చోండి. మా దగ్గరికి వస్తే విద్యార్థులు మీకు క్లీవర్ చేతికిచ్చి రెండు ఫైబర్లు అతికించమంటారు. దాని నష్టం ఎంతో కూడా మీ చేతే కొలిపిస్తారు.